చేపగూబ పలికిన రాత్రి

పిట్టను కళ్ళతో చూసి పేరు చెప్పేవాళ్ళంటే మా తాతగారికి గౌరవం ఉండేది కాదు. చీకట్లో, దీపం ఆర్పేసి, తోటలో నులకమంచం మీద కూర్చుని, వినబడ్డ కూతను బట్టి చెప్పాలి. అదీ వెంటనే పేరు చెప్పకూడదు. ముందు ఏ వైపు నుంచి వచ్చిందో చెప్పాలి. తరువాత ఎంత ఎత్తు నుంచో. ఆ తరువాత అది కూర్చుని కూసిందా, ఎగురుతూ కూసిందా. ఈ మూడూ అయ్యాకే పేరు. తొందరపడి ముందే పేరు చెప్పేస్తే, అది సరైన పేరే అయినా, ఆయన ఒప్పుకునేవారు కాదు. కండువా దులుపుకుని లేచి వెళ్ళిపోయేవారు. ఆ రాత్రికి పాఠం అక్కడితో సరి.

ఆ తోట అనకాపల్లి పొలిమేరలో, శారదా ఏటి ఒడ్డున ఉంది. ఎక్కువగా మామిడి, మధ్యలో కొన్ని కొబ్బరి చెట్లు, ఏటి గట్టు మీద ఒకే ఒక పెద్ద తెల్లమద్ది. తాతగారి కాలంలో తోట చుట్టూ ఉన్న చెరకు భూములు మావి. బెల్లం వండే పెనాలు రెండూ మావే. నాకు ఊహ తెలిసేసరికి ఒక పెనం ఆగిపోయింది. నాకు పెళ్ళయ్యేసరికి తోట ఒక్కటే మిగిలింది. మిగతావి ఎలా పోయాయో ఇక్కడ రాయను. తప్పులు మావే, ఇంకొకరిని అనవలసిన పని లేదు. చివరికి ఆ తోటనూ పట్నంలోని ఒక బెల్లం వ్యాపారి కొన్నాడు. కాగితాల మీద సంతకాలయ్యాక ఆయన మర్యాదగానే మాట్లాడాడు.

"మీరు ఎక్కడికీ కదలక్కర్లేదండి. ఆ పెంకుటింట్లోనే ఉండండి. మనిషంటూ ఒకరుంటే తోటకీ మంచిదే."

ఉన్నాం, నేనూ నా భార్యా. నెలకొకసారి తోట కొన్న ఆ షావుకారు రిక్షాలో ఒక బియ్యం బస్తా, ఒక బెల్లం దిమ్మ వచ్చేవి. పాత పరిచయం కొద్దీ పంపిస్తున్నాడని నేను అనుకున్నాను. నా భార్య ఏమనుకుందో నేను అడగలేదు.

రెండు వేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్ళయిన రోజులవి. చెరకు నరుకుళ్ళు మొదలైన ఒక సాయంత్రం తోటలోకి స్కూటరు వచ్చి ఆగింది. హెల్మెట్ తీసేదాకా మనిషిని గుర్తుపట్టలేదు. మా గుమాస్తా కొడుకు. వాళ్ళ నాన్న తాతగారి దగ్గర ముప్పై ఏళ్ళు పనిచేశాడు. మేమిద్దరం ఒక ఈడువాళ్ళం. తాతగారి పాఠాలు జరిగే రాత్రుళ్ళు నేను మంచం మీద కూర్చునేవాణ్ణి, అతను మంచం కోడు పక్కన నేల మీద కూర్చునేవాడు. ఇప్పుడు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే లెక్చరరు. జుట్టు నెరిసింది, కళ్ళజోడు వచ్చింది.

"బాగున్నారా బాబూ?" అంటూ చెప్పులు మెట్టు కిందే విడిచాడు.

ఆ చెప్పులు అక్కడ విడవడం చూసి నాకెంత సంతోషం కలిగిందో ఇప్పుడు ఒప్పుకోవడం కష్టంగా ఉంది. మా ఇంటి మెట్టు దగ్గర ఎవరైనా అలా చెప్పులు విడిచి ఎన్నాళ్ళో అయింది.

అతను వచ్చిన పని చెప్పాడు. రాత్రిపూట కూసే పిట్టలన్నిటి కూతలూ రికార్డు చేసి ఒక సీడీ, దాంతోపాటు ఒక చిన్న పుస్తకం తేవాలని అతని ఆలోచన. పక్షుల మీద పనిచేసే సంస్థ ఒకటి వెనక ఉంది.

"మన తోటలోనే సేద్దాం బాబూ. ఇన్ని రకాలు ఇంకెక్కడున్నాయి? నాకు మిషను తిప్పడం వచ్చు గానీ మీ అంత చెవి లేదు. మొదటి పేజీలో తాతగారి పేరు ఏద్దాం. ఆయన నేర్పిన ఇద్దే కదా ఇదంతా."

మన తోట అన్నాడు. తాతగారి పేరు అన్నాడు. నేను ఇంకేమీ అడగలేదు. భూమి మీద గానీ, పెనం మీద గానీ, ఊళ్ళో ఏ గోడ మీద గానీ ఆయన పేరు ఇక మిగల్లేదు. అచ్చులో ఒకచోట ఉంటుందంటే, దానికోసం నేను ఏడాదిపాటు నిద్ర మానుకోగలను. మానుకున్నాను కూడా.

స్కూటరు వెళ్ళిపోయాక నా భార్య చేట పక్కన పెట్టింది. ఆమెది ఎస్. రాయవరం వైపు పల్లె. మాట అక్కడిదే, మార్చుకోలేదు.

"పేరేత్తానన్నాడా? కాయితం మీద రాసిచ్చేడా?"

"గుమాస్తా కొడుకు చేత కాగితం రాయించుకుంటానా నేను?"

"మీ తాతగారు ఆల నాన్న సేత జీవితమంతా రాయించుకున్నారు కదా. మీకేటి అడ్డం?"

ఆమె మళ్ళీ చేట అందుకుంది.

వారానికి రెండు రాత్రులు అతను వచ్చేవాడు. భుజానికి రికార్డరు, చేతిలో గొడుగు తిరగేసినట్టుండే ఒక పళ్ళెం, దాని నడుమ మైకు. నేను చీకట్లో ముందు నడిచేవాణ్ణి. మొదటి రాత్రే పైడికంటి జంట దొరికింది. చిన్న గూబలు అవి. పొద్దుగూకగానే మామిడి తొర్రలోంచి బయటికి వచ్చి, ఆస్తి పంపకాల దగ్గర అన్నదమ్ముల్లాగ ఒకదాని మాట ఒకటి వినకుండా అరుస్తాయి.

"పైడికంటి" అన్నాడతను వెంటనే.

"పేరు ఆగు. ఎక్కడ?"

అతను నవ్వాడు. "తాతగారు మీలోకొచ్చేసేరు బాబూ." కానీ మైకు దించి బుద్ధిగా చెప్పాడు. "దక్షిణం. కొబ్బరిచెట్టుకి సగం ఎత్తు. కూకుని ఉన్నాయి." అప్పుడు పేరు చెప్పనిచ్చాను.

అలాగే ఒకటొకటి. బండిదారి మట్టిలో కూర్చునే పిట్ట ఒకటుంది. పలక మీద గోళీ జారవిడిస్తే అది ఎగిరి ఎగిరి, చివర్న వణికి ఆగినట్టుంటుంది దాని కూత. దాన్ని మా ఇంట్లో టుక్కుపిట్ట అనేవారు. పుస్తకాల్లో పేరు వేరే ఉందని అతను చెప్పాడు. చింతవక్క అనే రాత్రికొంగ ఎగురుతూ కూస్తుంది. తోట మీదుగా ఏటికి పోతూ, గొంతులో ముల్లు అడ్డుపడ్డట్టు ఒక్కసారి "వాక్" అంటుంది. రెండోసారి వినబడేసరికి ఏటి మధ్యకి చేరిపోతుంది. ఎండాకాలంలో ఇసుక మీద తీతువు. దాని అరుపు వింటే నా భార్య తలుపు మూసి గడియ పెట్టేది, ఎవరింట్లోనో చావు వస్తుందని. గుడ్ల దగ్గరికి నక్కో మనిషో వచ్చినందుకు అరుస్తోందని నేను చెప్పేవాణ్ణి. "అయితే అయింది, తలుపేసుకుంటే నష్టమేటి?" అనేది. వానాకాలంలో నీటికోడి. తుంగలో దాక్కుని, పెనంలో పాకం ఉడుకుతున్నట్టు తెల్లవార్లూ చప్పుడు చేస్తుంది. అన్నిటినీ పట్టించాను. ఒక్కటే దొరకలేదు.

అది చేపగూబ. మనిషి మోకాలంత ఎత్తుండే పెద్ద గూబ, ఏట్లో చేపలు పట్టుకుని తింటుంది. తాతగారి రోజుల్లో ఒక జంట తెల్లమద్ది మీద ఉండేది. చలికాలం రాత్రి అది "బూం... బూ బూం" అంటే బావిలోంచి ఎవరో పిలిచినట్టుండేది. తాతగారికి అన్నిటిలోకీ అదంటే ఇష్టం. దోసిలి గుండ్రంగా ముడిచి, బొటనవేళ్ళ సందులోంచి ఊది, ఆయన అచ్చం దానిలాగే కూసేవారు. అది మద్ది చెట్టు పైకొమ్మ మీంచి జవాబిచ్చేది. ఆ కూత ఆయన నాకు నేర్పారు. ఇంకెవరికీ నేర్పలేదు. ఇసుక లారీలు ఏట్లోకి దిగడం మొదలయ్యాక ఆ పిట్టలు కనబడలేదు. నేను దాని కూత విని అప్పటికి రెండేళ్ళు దాటింది.

"అదొక్కటీ ఉంటే సీడీకి కిరీటం పెట్టినట్టు బాబూ" అనేవాడతను.

పని మొదలుపెట్టిన ఆ చలికాలమే, మాఘమాసంలో ఒక రాత్రి మంచు బాగా పడుతోంది. అతను తోట ఉత్తరం కొసన టుక్కుపిట్ట కోసం మైకు పట్టుకుని కూర్చున్నాడు. నేను ఒక్కణ్ణీ ఏటి గట్టు మీదికి నడిచి తెల్లమద్ది కింద నిలబడ్డాను. పైకొమ్మ ఖాళీగా ఉంది. ఎందుకో దోసిలి ముడిచి కూశాను. ఒకసారి, కొంచెం ఆగి ఇంకొకసారి, మళ్ళీ ఇంకొకసారి. ఏటి అవతల ఉంటే జవాబిస్తుందేమోనని. ఏమీ రాలేదు. చల్లటి గాలి మాత్రం వచ్చింది. వెనక్కి తిరిగి నడిచాను.

అతను మామిడి చెట్ల మధ్యలోంచి పరుగెత్తుకుంటూ ఎదురొచ్చాడు. ఆ వయసులో, ఆ కళ్ళజోడుతో, చీకట్లో వేర్లు తన్నుకుంటూ.

"పలికింది బాబూ! ఇన్నారా? మూడుసార్లు. పళ్ళెం అటే తిప్పేను, మొత్తం ఎక్కేసింది."

చెవులకి పెట్టుకునే ఫోన్లు తీసి నాకు తగిలించాడు. విన్నాను. నేనే. కానీ తాతగారు కూసినట్టే ఉంది. అతని కళ్ళల్లో నీళ్ళు. నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు.

పొద్దున్న చెబుదామనుకున్నాను. పొద్దున్న అతనికి కాలేజీ ఉంది, వెళ్ళిపోయాడు. తరువాతిసారి చెబుదామనుకున్నాను. తరువాతిసారి అతను మా ఇద్దరికీ కాజాలు తెచ్చాడు. ఇక చెప్పలేదు. అతని సంతోషం పాడుచేయడం ఇష్టం లేకపోయిందని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. తాతగారి పేరు ఉండే పుస్తకంలో తాతగారి కూత ఉండాలని నాకు ఆశ కలిగింది. అది పిట్ట కూతే కానక్కర్లేదనిపించింది. నేను చేసిన తప్పు ఇది, దీన్ని ఎవరి మీదా వేయను.

వానలు తగ్గాక అతను రావడం మానేశాడు. పుస్తకం పనిలో ఉన్నాడనుకున్నాను. దీపావళి వెళ్ళాక ఒకరోజు కబురు వచ్చింది. తెచ్చింది అతను కాదు. బియ్యం తెచ్చే రిక్షావాడు బస్తా దించి, జేబులోంచి మడతపడ్డ ఆహ్వానం తీశాడు.

"ఆదివారం కాలేజీ హాల్లో ఏటో మీటింగంట. షావుకారు మిమ్మల్ని రమ్మన్నారు. కుర్సీలవీ సర్దాలంట, కాత్త పెందలాడే రమ్మన్నారు."

నేను పెందలాడే వెళ్ళలేదు. గంజి పెట్టిన పంచె కట్టుకుని, తాతగారి జరీ కండువా వేసుకుని, సరిగ్గా ఆహ్వానంలో ఉన్న వేళకి వెళ్ళి మూడో వరసలో కూర్చున్నాను. వేదిక మీద నడుమ కుర్చీలో షావుకారు, పక్కన లెక్చరరు. అతను నన్ను చూసి తల ఊపాడు. కింద ఉన్న మనిషికి పైనున్న మనిషి ఊపినట్టు ఊపాడు.

పుస్తకం చేతికి వచ్చింది. మొదటి పేజీ తిప్పాను. ఈ పుస్తకం తోట యజమానిగారికి అంకితం అని ఉంది, కింద షావుకారు పేరు. రెండో పేజీ, మూడో పేజీ చూశాను. తాతగారి పేరు ఎక్కడా లేదు. టుక్కుపిట్టని మా ఇంట్లో పిలిచే పేరుతోనే వేశారు గానీ, దాన్ని స్థానికులు అలా పిలుస్తారని రాశారు. ముందు దిక్కు, తరువాత ఎత్తు, చివర పేరు అనే పద్ధతి మొత్తం ఒక పేజీ నిండా ఉంది. రచయిత చాలా ఏళ్ళ పరిశీలనలో ఏర్పరచుకున్న పద్ధతి అట. నాది చివరి పేజీలో చివరి వాక్యం. "రాత్రివేళల్లో తోడుగా ఉన్న తోట కాపలాదారుకు కృతజ్ఞతలు."

దాన్ని ఎన్నిసార్లు చదివానో గుర్తులేదు. పక్కన కూర్చున్నాయన తన పుస్తకంలో కూడా అదే పేజీ చూస్తున్నాడేమోనని భయం వేసింది.

అతను మైకు ముందుకి వచ్చి మాట్లాడాడు. మాట మారిపోయింది. తోటలో మాట్లాడే మాట కాదది, పాఠం చెప్పే మాట. నావైపు చేయి చూపించి, "ఇతను కూడా వచ్చాడు, చాలా సహకరించాడు" అన్నాడు. రెండు మూడు తలలు వెనక్కి తిరిగాయి. తరువాత హాల్లో దీపాలు తీసేసి చేపగూబ కూత వినిపించారు. బూం... బూ బూం. మూడుసార్లు. అంతమందిలో ఒక్కరూ దగ్గలేదు. దీపాలు వెలిగాక చప్పట్లు చాలాసేపు మోగాయి. షావుకారు లేచి, "నా తోటలో ఇంత గొప్ప పక్షి ఉందని నాకే తెలీదు" అన్నాడు. మళ్ళీ చప్పట్లు.

అప్పుడు నేను లేచి, దోసిలి ముడిచి కూసి ఉంటే? నా చేతులు ఒళ్ళోంచి లేచాయి కూడా. ఒక్క క్షణంలో ఆ సీడీ, ఆ పుస్తకం, ఆ వేదిక నవ్వులపాలయ్యేవి. కానీ నవ్వినవాళ్ళు ఇంటికి వెళ్ళి ఏం చెప్పుకుంటారు? కాపలావాడు పిట్టకూతలు భలే కూస్తాడు అని. తాతగారు ఎవరికీ చూపించని విద్య ఆ హాల్లో వినోదమైపోతుంది. చేతులు దించేశాను.

జనం పలచబడ్డాక స్కూటర్లు పెట్టే చోట అతణ్ణి ఆపాను.

"మొదటి పేజీ చూశాను."

"అచ్చుకి షావుకారు సాయం సేసేడు బాబూ. ఆకర్న ఆ పేజీ తనకి కావాలన్నాడు. కాదంటే పుస్తకమే రాదు."

"అది పోనీ. చివరి పేజీలో కాపలాదారు ఎవరు?"

అతను స్కూటరు తాళం చేతిలో తిప్పాడు. "షావుకారు అన్న మాటే రాసేను. మరేటని రాయను? నెల నెలా బియ్యం వత్తాయి కదా మీకు."

"పేరు రాయవచ్చు."

అతను నాకేసి సూటిగా చూశాడు. మంచం కోడు పక్కన కూర్చున్న రోజుల్లో ఎప్పుడూ అలా చూడలేదు.

"మా నాన్న ముప్పై ఏళ్ళు మీ ఇంట్లో పనిసేసేడు. ఆయన పోయిన్నాడు తాతగారు 'గుమాస్తా పోయేడు' అన్నారు. నేను పక్కనే ఉన్నాను. మా నాన్న పేరేటో మీకు తెలుసా బాబూ? ఇప్పుడు సెప్పండి."

నాకు గుర్తు రాలేదు. గుర్తు రాకపోవడం కాదు, నాకు తెలియదు.

అతను అడిగినదాంట్లో న్యాయం ఉంది. ఆ సంగతి ఆ క్షణంలోనే నాకు తెలిసింది. కానీ ఆ న్యాయం మొదటి సాయంత్రమే మెట్టు దగ్గర అడిగి ఉండవలసింది. చెప్పులు విడిచి, మన తోట అని, తాతగారి పేరు అని, ఏడాదిపాటు నా వెనక నడిచి, అంతా తీసుకున్నాక అడిగాడు. దాన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు.

"నీ చేపగూబ ఏ వైపు నుంచి కూసింది?" అని అడిగాను.

"అదేటిప్పుడు?"

"చెప్పు."

"తూరుపు. ఏటి గట్టు కాడ."

"ఎంత ఎత్తు?"

అతనికి చెవి లేదని అతనే అనేవాడు గానీ అది అబద్ధం. తాతగారి పాఠాల్లో నాకంటే ఎక్కువసార్లు ఒప్పుకోలు తెచ్చుకున్నది అతనే. తల ఒక పక్కకి వంచాడు. ఆ రాత్రిని మళ్ళీ వింటున్నాడు.

"పైనుంచి కాదు" అన్నాడు నెమ్మదిగా. "కింద. నేల మీద. మనిసి ఎత్తు..."

ఆగిపోయాడు. నా ముఖం చూశాడు, తరువాత నా చేతులు చూశాడు.

"బాబూ."

"పేరు చివర చెప్పాలి" అని, కండువా సర్దుకుని వచ్చేశాను. వెనక నుంచి ఇంకోసారి పిలిచాడు. తిరగలేదు.

అతను ఆ తరువాత తోటకి రాలేదు. సీడీని దిద్దలేదు, వెనక్కి తీసుకోలేదు. నేను కూడా ఎవరికీ చెప్పలేదు. ఇద్దరం ఒకే అబద్ధాన్ని చెరో వైపు నుంచి మోస్తున్నాం.

మరుసటి నెల రిక్షావాడు వచ్చినప్పుడు బస్తా వెనక్కి తీసుకుపొమ్మన్నాను. నా భార్య అడ్డం వచ్చింది.

"మీరు కావల్దారు కాదు. ఒప్పుకున్నాను. అయితే నేను కావల్దార్ని. పొద్దస్తమానం ఉడతల్నీ మేకల్నీ తోలతన్నది ఎవురు? ఆ బియ్యం నాయి. లోపలెట్టు బాబూ." రిక్షావాడు లోపల పెట్టాడు. ఆ రాత్రి ఆ బియ్యమే తిన్నాను.

చలికాలంలో ఒక రాత్రి తోటలోకి కారు వచ్చింది. విశాఖపట్నం నుంచి నలుగురు. మెడల్లో దుర్భిణీలు, చేతిలో ఆ పుస్తకం. అందులో ఒకతను నన్ను "వాచ్‌మన్" అని పిలిచి, చేపగూబ ఉండే చెట్టేదని అడిగాడు. తెల్లమద్ది చూపించాను. ఇప్పుడు లేదని చెప్పాను. పుస్తకంలో ఉంది కదా అన్నాడు. సీడీ పెడితే జవాబిస్తుందని ఇంకొకతను కారు తలుపులు తెరిచి, సౌండు పెంచాడు.

బూం... బూ బూం.

మామిడి తొర్రలో పైడికంటి జంట గమ్మున ఊరుకుంది. నలుగురూ మద్ది వైపు చెవులు పెట్టుకుని నిలబడ్డారు. నేను వాళ్ళ వెనక నిలబడ్డాను. పడమటి వైపు, నడుము ఎత్తు, ఉన్నచోటే ఉంది. అలవాటు కొద్దీ మనసులో మూడూ చెప్పుకున్నాను. నాలుగోది చెప్పుకోలేదు.

పెంకుటింటి తలుపు తెరుచుకుంది. దీపం లేకుండానే నా భార్య గుమ్మంలోకి వచ్చింది. ఆమెకి కారు కనబడదు, మనుషులు కనబడరు.

"ఏటండీ," అని కేకేసింది, "ఇంత మంచులో ఎవుర్ని పిలుత్తన్నారు? లోపలికి రండి."

ఆ నలుగురూ ఇటు తిరిగేలోపే నేను ఇంటివైపు నడిచాను.